దాటవేసిన పేర్లు: పాత నిబంధనలో మనం అంతగా తలచుకోని స్త్రీలు



కొన్ని నెలల క్రితం మా సంఘంలో శుక్రవారపు బైబిలు ధ్యానంలో సంఖ్యాకాండము 27వ అధ్యాయం చదువుతున్నాం. చదివే బాధ్యత తీసుకున్న యౌవనస్థుడు మొదటి వచనంలో సెలోపెహాదు అనే పేరు దగ్గరే తడబడ్డాడు. ఆ వెంటనే వరుసగా అయిదు పేర్లు కనిపించేసరికి "ఆయన కుమార్తెలు" అని ముగించి ముందుకు వెళ్ళిపోయాడు. ఎవరూ పట్టించుకోలేదు. వెనుక చాప మీద కూర్చున్న ఒక పెద్దావిడ మాత్రం కూటం అయిపోయాక మా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, ఆ పిల్లల పేర్లు ఎందుకు చదవలేదండీ?" అని అడిగారు. "కష్టమైన పేర్లు కదమ్మా" అన్నాం. "నెబుకద్నెజరు కంటే కష్టమా అండీ?" అన్నారావిడ.

ఆ రాత్రి ఇంటికి వెళ్ళి మా పాత ప్రసంగాల నోటుపుస్తకాలు తిరగేశాం. ముప్పై ఏళ్ళ పరిచర్యలో స్త్రీల ఆదివారాలకు, స్త్రీల సమాజం కూటాలకు మేము చేసిన ప్రసంగాలన్నీ దాదాపు నలుగురి చుట్టూనే తిరిగాయి: హన్నా, రూతు, ఎస్తేరు, సామెతలు 31వ అధ్యాయంలోని గుణవతియైన భార్య. సంఖ్యాకాండము 27 ఒక్కసారి కూడా లేదు. రిస్పా పేరు ఒకే ఒక్క చోట దొరికింది, అదీ దావీదు గురించిన ప్రసంగంలో ఒక వాక్యంగా. సెమినరీలో హెబ్రీ భాష చదువుకున్నాం గనుక తెలియక వదిలేశామని చెప్పుకునే వీలు కూడా మాకు లేదు.

అందుకే ఈ వారం వారి గురించే రాస్తున్నాం. లేఖనాల్లోని స్త్రీలను ఓర్పుకూ సహనానికీ మాదిరిగా చూపించడం మన ప్రసంగపీఠాలకు అలవాటు. కానీ వీరి విశ్వాసం కనిపించేది వేరే చోట. దేవుడు ముందే చెప్పిన మాటను పట్టుకుని వీరు అధికారంలో ఉన్నవారి ఎదుట నిలబడ్డారు. ఆ నాయకులు వినవలసి వచ్చింది, విని దారి మార్చుకున్నారు. కాబట్టి ఈ కథలు స్త్రీలకంటే ముందుగా సంఘ పెద్దలను, మాలాంటి కాపరులను పరీక్షిస్తాయి.

గుడారపు ద్వారం దగ్గర అయిదుగురు

మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. ఇవీ ఆ అయిదు పేర్లు.

సందర్భం చూద్దాం. నలభై ఏళ్ళ అరణ్య ప్రయాణం ముగింపుకు వచ్చింది. ఇశ్రాయేలీయులు యెరికోకు ఎదురుగా, యొర్దాను పక్కన మోయాబు మైదానాల్లో దిగి ఉన్నారు. 26వ అధ్యాయంలో రెండవ జనసంఖ్య జరిగింది. ఇరవై ఏళ్ళు దాటిన పురుషులను లెక్కించి, ఆ లెక్క ప్రకారమే కనానులో భూమి పంచాలి. మనష్షే గోత్రంలోని సెలోపెహాదు అరణ్యంలోనే చనిపోయాడు. కుమారులు లేరు. అంటే ఆ లెక్కలో అతని ఇల్లు లేదు. ఇంకా అడుగు పెట్టని దేశంలో వాటా ముందే పోయింది.

అప్పుడు అయిదుగురు అక్కచెల్లెళ్ళు ప్రత్యక్షపు గుడారపు ద్వారం దగ్గరకు వచ్చారు. ఎవరి ముందు నిలబడ్డారో 2వ వచనం జాగ్రత్తగా లెక్కపెడుతుంది: మోషే, యాజకుడైన ఎలియాజరు, ప్రధానులు, సర్వసమాజం. చాటున ఎవరి చెవిలోనో వేసిన మాట కాదు. బాబాయిల ద్వారా పంపిన కబురూ కాదు.

వారి వాదం చూడండి, న్యాయవాది తయారుచేసినట్టు ఉంటుంది. మా తండ్రి కోరహుతో చేరి తిరుగుబాటు చేసినవాడు కాడు, అందరిలాగే తన పాపం వల్లనే చనిపోయాడు. కుమారులు లేనంత మాత్రాన అతని పేరు వంశంలోనుంచి ఎందుకు తొలగిపోవాలి? తండ్రి సహోదరులతోపాటు మాకూ స్వాస్థ్యం ఇవ్వండి. ఏడవలేదు, జాలి చూపించమనలేదు. కనాను దేశం ఇస్తానని దేవుడే చెప్పాడు గనుక ఆ మాట తమకూ వర్తిస్తుందని అడిగారు. అప్పటికి ఆ దేశంలో ఒక్క సెంటు భూమి కూడా ఇశ్రాయేలు చేతికి రాలేదన్నది మరచిపోకూడదు. తిరిగి ఐగుప్తుకు పోదామని తండ్రుల తరం గొణిగిన చోట, ఈ ఆడపిల్లలు రాబోయే పొలంలో గట్టు ఎక్కడ వేయాలో మాట్లాడుతున్నారు. విశ్వాసానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఆ గ్రంథంలో యెహోషువ, కాలేబులను మినహాయిస్తే మాకు కనిపించలేదు.

మోషే చేసినదీ అంతే ముఖ్యం. అప్పటికి ధర్మశాస్త్రం వచ్చి దాదాపు నలభై ఏళ్ళయింది. "ఇది మన ఆచారం కాదమ్మా" అని పంపేయవచ్చు. పంపలేదు. వారి వ్యాజ్యాన్ని దేవుని సన్నిధికి తీసుకువెళ్ళాడు. తనకు తెలియదని సర్వసమాజం ఎదుట ఒప్పుకున్నట్టే గదా!

దేవుని జవాబు హెబ్రీ మూలంలో "కేన్" అనే చిన్న మాటతో మొదలవుతుంది. సరియైనది, న్యాయమైనది అని దాని అర్థం. ఆ కుమార్తెలు చెప్పినది సరియేనని దేవుడు ముందు తీర్పు చెప్పి, తరువాతనే చట్టం ఇచ్చాడు: కుమారుడు లేకపోతే స్వాస్థ్యం కుమార్తెకు, ఆమె లేకపోతే సహోదరులకు, ఆపైన తండ్రి సహోదరులకు, ఆపైన దగ్గరి బంధువుకు. అయిదుగురు స్త్రీలు అడిగిన ప్రశ్న ధర్మశాస్త్రంలో ఒక విధి అయింది.

కథ అక్కడితో చల్లగా ముగియలేదని కూడా చెప్పాలి. 36వ అధ్యాయంలో గిలాదు వంశపు పెద్దలు వచ్చి అభ్యంతరం చెప్పారు: వీరు వేరే గోత్రంలో పెళ్ళి చేసుకుంటే భూమి ఆ గోత్రానికి పోతుంది గదా? సొంత గోత్రంలోనే పెళ్ళి చేసుకోవాలని తీర్పు వచ్చింది. వారు తండ్రి సహోదరుల కుమారులను చేసుకున్నారు. పైగా, కుమారులు ఉన్న ఇంట్లో కుమార్తె మాటేమిటో ఈ చట్టం చెప్పదు. అది పూర్తి సమానత్వం అని మేము అనడం లేదు. కానీ యోబు గ్రంథం చివరి అధ్యాయం ఒకసారి తీయండి. యోబు తన ముగ్గురు కుమార్తెలు యెమీమా, కెజీయా, కెరెంహప్పుకులకు వారి సహోదరులతోపాటు స్వాస్థ్యం ఇచ్చాడు. ఆ ఏడుగురు కుమారుల పేర్లు అక్కడ లేవు, కుమార్తెల పేర్లే ఉన్నాయి.

మరొక సంగతి. 1910లో ఉత్తర రాజ్యపు రాజధాని షోమ్రోను శిథిలాల్లో హార్వర్డు విశ్వవిద్యాలయపు తవ్వకాల్లో సిరాతో రాసిన కుండపెంకులు బయటపడ్డాయి. క్రీస్తుపూర్వం 8వ శతాబ్దానివి. నూనె, ద్రాక్షారసం ఏ ప్రాంతం నుంచి వచ్చాయో రాసుకున్న లెక్కలవి. ఆ ప్రాంతాల పేర్లలో నోయా, హొగ్లా ఉన్నాయి. మనష్షే భూభాగంలో ఈ కుమార్తెల పేర్లు ఊళ్ళ పేర్లుగా, సరుకు లెక్కల్లో, శతాబ్దాల తరువాత కూడా నిలిచాయన్నమాట. వారు ఏ పేరు తొలగిపోకూడదని అడిగారో ఆ పేరుతోపాటు వారివీ మిగిలాయి.

మన ఇళ్ళలో ఈ సంగతి

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పాలి. మన దేశంలో క్రైస్తవులకు వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టం. వీలునామా రాయకుండా తండ్రి కన్నుమూస్తే భార్యకు మూడో వంతు, మిగిలిన రెండు వంతులు పిల్లలకు సమానంగా చెందుతాయి. కొడుకు, కూతురు అనే తేడా ఆ చట్టంలో లేదు. కేరళలోని తిరువాన్కూరు ప్రాంతపు క్రైస్తవులకు వేరే చట్టం ఉండేది. దాని ప్రకారం కూతురికి కొడుకు వాటాలో నాలుగో వంతు లేదా 5,000 రూపాయలు, ఏది తక్కువైతే అది. మేరీ రాయ్ అనే సహోదరి సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1986లో దానిని తప్పించారు. అదే ఏడాది మన ఉమ్మడి రాష్ట్రంలో హిందూ కుటుంబాల కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇస్తూ చట్టం సవరించారు. దేశమంతటికీ అది వర్తించింది 2005లో. అంటే తెలుగు క్రైస్తవ కుమార్తెకు ఆ హక్కు అంతకు ఎన్నో ఏళ్ళ ముందే కాగితం మీద ఉంది.

కాగితం మీద ఉంది, అంతే. "పెళ్ళికి పెట్టాం గదా" అనే మాటతో, హక్కు విడుదల పత్రం మీద సంతకంతో, అది సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఒక పూటలో పోతుంది. ఇతరుల మీద నింద వేయడానికి ఇది రాయడం లేదు. కొన్నేళ్ళ క్రితం ఒక విశ్వాసుల కుటుంబంలో తండ్రి ప్రభువునందు నిద్రించాడు. ముగ్గురు అన్నదమ్ములు, ఒక చెల్లెలు. చెల్లెలికి భర్త లేడు. ఇద్దరు పిల్లలను కుట్టుమిషను మీద సాకుతోంది. సంతకం పెట్టమంటే రెండు రోజులు ఆలోచించుకుంటానంది. అన్నలు మమ్మల్ని పిలిచారు, కుటుంబ సమాధానం కోసం ఒక మాట చెప్పమని. మేము వెళ్ళాం. ఫిలిప్పీ పత్రిక 2వ అధ్యాయం చదివి, క్రీస్తు తగ్గింపు గురించి నాలుగు మాటలు చెప్పి, ప్రార్థన చేశాం. ఆమె సంతకం పెట్టింది. తరువాత లేచి వెళ్ళి మాకు టీ పెట్టి ఇచ్చింది.

ఆ అధ్యాయం అన్నలకు చదవాలని ఆ రోజు మాకు తట్టలేదు. ఈ మధ్య ఆమెను కలిసి, మేము చేసినది తప్పని ఒప్పుకున్నాం. "అయిపోయింది కదా అయ్యగారూ" అంది, అంతే. మోషేకు వచ్చిన వ్యాజ్యం లాంటిదే మా దగ్గరకూ వచ్చింది. ఆయన దానిని దేవుని దగ్గరకు తీసుకువెళ్ళాడు. మేము జవాబు ముందే జేబులో పెట్టుకుని వెళ్ళాం.

మాట్లాడని రిస్పా

2 సమూయేలు 21వ అధ్యాయం సంఘంలో చదవడానికి కష్టమైన అధ్యాయం. పిల్లలు కూర్చున్న చోట చదవాలంటే మేమూ వెనకాడతాం. దావీదు కాలంలో మూడేళ్ళు వరుసగా కరువు. కారణం ఏమిటని దావీదు దేవుణ్ణి అడిగాడు. యెహోషువ కాలంలో గిబియోనీయులకు చేసిన ప్రమాణాన్ని మీరి సౌలు వారిని చంపించాడు, అదే కారణమని జవాబు వచ్చింది. అక్కడిదాకా సరే. పరిహారం ఏమిటని మాత్రం దావీదు గిబియోనీయులనే అడిగాడు. దేవుణ్ణి అడిగినట్టు వాక్యం చెప్పదు. వారు సౌలు సంతతిలో ఏడుగురిని కోరారు. రాజు ఇచ్చాడు. యవలకోత మొదలైన రోజుల్లో ఆ ఏడుగురినీ కొండమీద ఉరితీశారు. అందులో అయిదుగురు సౌలు కూతురి బిడ్డలు, ఇద్దరు సౌలు ఉపపత్నియైన రిస్పా కన్నవారు: అర్మోని, మెఫీబోషెతు. (యోనాతాను కుమారుడైన మెఫీబోషెతు వేరు. అతణ్ణి దావీదు తన ప్రమాణాన్ని బట్టి కాపాడాడు.)

రిస్పా గోనెపట్ట తీసుకుని బండమీద పరచుకుంది. కోత మొదలుకొని ఆ శవాల మీద వాన కురిసేదాకా అక్కడే ఉంది. పగలు పక్షులను, రాత్రి అడవి మృగాలను దగ్గరకు రానివ్వలేదు. ఎన్ని రోజులో వాక్యం లెక్క చెప్పదు. ఆ దేశంలో యవలకోత ఏప్రిల్ నాటిది, తొలకరి సాధారణంగా అక్టోబరులో మొదలవుతుంది. ఇది ఆ వానే అయితే ఆరు నెలల కావలి. ఎండ ఎలా ఉంటుందో మనవాళ్ళకు చెప్పనక్కరలేదు.

ఈ అధ్యాయంలో రిస్పా ఒక్క మాట కూడా మాట్లాడదు. ఆమెను చూసి తల్లి మనసు అని మనం కళ్ళు తుడుచుకుంటాం, అది తప్పు కాదు. కానీ ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయం చివరి రెండు వచనాలు పక్కన పెట్టి చదవండి. మరణశిక్ష పొంది మ్రానుమీద వేలాడినవాని శవాన్ని రాత్రంతా అలా ఉంచకూడదు, ఆ రోజే పాతిపెట్టాలి. రాజు మరచిన ఆజ్ఞ అది. దావీదు దేవుని పేరిట జరిగించిన ఒక శిక్షలో దేవుని ధర్మశాస్త్రమే మీరబడుతుంటే, బండమీద కూర్చున్న ఒక ఉపపత్ని దానికి కాపలా కాసింది. ఆమెకు ఆ వచనాలు తెలుసని మేము చెప్పలేం. చేతులతో చేసినది మాత్రం అదే.

కబురు దావీదుకు చేరింది. అప్పుడు ఆయన లేచి యాబేష్గిలాదు వెళ్ళి, సౌలు, యోనాతానుల ఎముకలు తెప్పించి, ఉరితీయబడినవారి ఎముకలను కూడా సమకూర్చి, సౌలు తండ్రియైన కీషు సమాధిలో పాతిపెట్టించాడు. దేశం కోసం చేసిన విజ్ఞాపనను దేవుడు అంగీకరించాడని 14వ వచనం చెబుతుంది. ఎప్పుడు? ఏడుగురినీ ఉరితీసిన వెంటనే కాదు, సమాధి చేసిన తరువాత. ఆ వరుస ఊరికే వచ్చినదని మాకు అనిపించదు.

రాజును "ఆ మనుష్యుడు" అన్న ప్రవక్త్రి

హుల్దా దగ్గర ఎక్కువ ఆగనక్కరలేదు, ఆమె సంగతి సూటిగానే ఉంది (2 రాజులు 22). యోషీయా రాజు ఏలుబడిలో 18వ సంవత్సరం, అంటే సుమారు క్రీస్తుపూర్వం 622. ఆలయం బాగుచేస్తుంటే యాజకుడైన హిల్కీయాకు ధర్మశాస్త్ర గ్రంథం దొరికింది. షాఫాను చదివి వినిపించగా రాజు బట్టలు చింపుకున్నాడు. దేవుని చిత్తం కనుక్కుని రమ్మని ప్రధాన యాజకుణ్ణీ మరి నలుగురు అధికారులనూ పంపాడు. వారు యెరూషలేము రెండవ భాగంలో కాపురమున్న హుల్దా ఇంటికి వెళ్ళారు. వస్త్రశాల అధికారియైన షల్లూము భార్య ఆమె. యిర్మీయా అప్పటికి అయిదేళ్ళుగా ప్రవచిస్తున్నాడు. జెఫన్యా కూడా యోషీయా కాలంవాడే. పురుషులు దొరక్క ఆమె దగ్గరకు వెళ్ళారనే మాట మా చిన్నతనంలో విన్నాం. ఆ వివరణకు వాక్యంలో ఆధారం లేదు. ప్రవక్త్రి గనుక వెళ్ళారు.

ఆమె జవాబు "మిమ్మును పంపిన మనుష్యునితో" చెప్పండి అన్న ధోరణిలో మొదలవుతుంది. రాజుగారు అనలేదు. ఈ స్థలం మీదికి కీడు తప్పదని, యోషీయా మనసు మెత్తనైంది గనుక అతడు దానిని కన్నులారా చూడడని చెప్పింది. సమాధానంతో సమాధికి చేరతాడన్న మాట చాలామందిని ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే యోషీయా మెగిద్దో దగ్గర ఫరో నెకో చేతిలో చనిపోయాడు. యెరూషలేము నాశనాన్ని చూడకుండా పోవడమే ఆ సమాధానమని మేము అర్థం చేసుకుంటాం. మరోలా చదివే పండితులు ఉన్నారు, వారితో మాకు తగువు లేదు. దొరికిన గ్రంథం దేవుని మాటేనని యూదా రాజ్యం ఒక స్త్రీ నోట ధ్రువపరచుకుని సంస్కరణకు పూనుకుందన్నది మాత్రం అందరూ ఒప్పుకునేదే. రెండవ ఆలయపు దక్షిణ ద్వారాలను మిష్నా హుల్దా ద్వారాలు అని పిలుస్తుంది.

ఇంకా కొందరు

ఫరో ఆజ్ఞను కాదని మగశిశువులను బ్రతకనిచ్చిన మంత్రసానులు షిఫ్రా, పూయా గురించి పిల్లలకు ఆదివారపు బడిలో చెబుతూనే ఉంటాం. ఆ అధ్యాయంలో ఫరో పేరు లేదని, మంత్రసానుల పేర్లు ఉన్నాయని కూడా చెప్పండి. అతల్యా రాజవంశాన్ని నిర్మూలం చేస్తుంటే పసివాడైన యోవాషును దాచిన మేనత్త యెహోషెబ గురించి 2 రాజులు 11లో ఉన్నది రెండు మూడు వచనాలే. ఆరేళ్ళు ఆలయంలో ఒక పిల్లవాడిని ఏడుపు బయటికి వినపడకుండా పెంచడం ఎలాంటిదో తల్లులకే తెలియాలి. యెరూషలేము గోడ కట్టినప్పుడు షల్లూము అనే అధిపతితో (హుల్దా భర్త కాదు, వేరొకరు) అతని కుమార్తెలు కూడా రాళ్ళు మోశారని నెహెమ్యా 3:12 ఒక్క వాక్యంలో రాసిపెట్టింది. ఆ అధ్యాయాన్ని పేర్ల జాబితా అని మనం దాటేస్తాం.

ఆబేలు పట్టణపు జ్ఞానవతి ప్రాకారం మీదనుంచి యోవాబును పిలిచి ముట్టడి ఆపించిన కథ (2 సమూయేలు 20) మరొకసారి వివరంగా రాయాలని ఉంది.

గత నెలలో మా శుక్రవారపు ధ్యానం యెహోషువ 17వ అధ్యాయానికి వచ్చింది. ఈసారి చదవమని ఆ పెద్దావిడనే అడిగాం. కళ్ళజోడు సవరించుకుని, వేలు పెట్టుకుంటూ, మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అని ఒక్కొక్క పేరూ నిదానంగా చదివారు. మోషే చనిపోయాడు, యొర్దాను దాటారు, భూమి పంచుతున్నారు. ఆ అయిదుగురూ మళ్ళీ ఎలియాజరు, యెహోషువల ముందుకు వచ్చి, మాకు ఇవ్వమని దేవుడు మోషేకు ఆజ్ఞాపించాడు గదా అని గుర్తు చేశారు. అప్పుడు వారికి ఇచ్చారు. ఆవిడ బైబిలు మూసి మా వైపు చూశారు.

"దేవుడే ఇమ్మని చెప్పాక కూడా వాళ్ళు మళ్ళీ వచ్చి అడగాల్సి వచ్చిందా అయ్యగారూ?"

అవునమ్మా, అన్నాం. వచ్చే శుక్రవారం ఆ అన్నదమ్ములు ముగ్గురినీ మా ఇంటికి రమ్మని కబురు పంపాం. సంఖ్యాకాండము 27 చదువుదామని.